కార్టిలేజ్‌కు అందే సంకేతాలు: ఎంత, ఎంతసేపు, ఏ దారిలో

కీలులో ఎముకల చివర్లను కప్పే నున్నటి పొర కార్టిలేజ్. పెద్దవాళ్ల మోకాలిలోని ఆ పొరను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే కణాలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి. మొత్తం ఘనపరిమాణంలో వాటి వాటా ఒకటి రెండు శాతమే. మిగిలినదంతా ఆ కణాలు తమ చుట్టూ కట్టుకున్న మ్యాట్రిక్స్, అందులో పట్టి ఉన్న నీరు. రక్తనాళాలు లేవు, నరాలు లేవు, లింఫు నాళాలూ లేవు. పక్క కణాన్ని తాకే వీలు కూడా చాలా కణాలకు లేదు. చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే ఈ పొర ఒక జీవితకాలం బరువు మోస్తుంది. 1980ల్లో కొలత పరికరాలు అమర్చిన కృత్రిమ తుంటి కీలుతో చూస్తే, కుర్చీలోంచి లేచే క్షణంలో ఒకచోట ఒత్తిడి 18 మెగాపాస్కల్ దాకా వెళ్లింది. వాతావరణ పీడనానికి అది దాదాపు 180 రెట్లు.

కార్టిలేజ్‌ను రాపిడికి అరిగే యంత్రభాగంలా చూడటం వల్ల చాలా తప్పు నిర్ణయాలు జరుగుతున్నాయి. గుజ్జు మిగుల్చుకోవాలని నడక మానేయడం అందులో మొదటిది. ఆ కొద్దిపాటి కణాలు, అంటే కాండ్రోసైట్లు, రోజంతా కబుర్లు అందుకుంటూ వాటిని బట్టి కొంత కడుతూ కొంత కోస్తూ ఉంటాయి. ఆ కబుర్లలో మంచివి ఇవి, చెడ్డవి ఇవి అని రెండు జాబితాలు రాసుకుంటే పని జరగదు. ఒకే అణువు ఒక మోతాదులో కట్టిస్తుంది, మరో మోతాదులో కూల్చిస్తుంది. ఎంత వచ్చింది, ఎంతసేపు ఉంది, కణపొర మీద సంకేతాన్ని పట్టుకునే ఏ ప్రోటీన్ (రిసెప్టర్) ద్వారా లోపలికి వెళ్లింది అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ఈ పోస్టంతా ఆ మూడు ప్రశ్నల చుట్టూనే.

మార్చుకోగలిగేది, మార్చుకోలేనిది

ముందు మ్యాట్రిక్స్‌లో రెండు భాగాలను వేరుగా చూడాలి. మొదటిది కొల్లాజెన్ వల. ఇందులో 90 శాతానికి పైగా రెండో రకం కొల్లాజెన్. లాగుడుకు తట్టుకునేది ఇదే. రెండోది ఆగ్రెకాన్. ఒక్కో ఆగ్రెకాన్ అణువుకు వంద దాకా కాండ్రాయిటిన్ సల్ఫేట్ గొలుసులు వేలాడుతుంటాయి. వాటి నిండా రుణావేశాలు. అవి సోడియం అయాన్లను, ఆ అయాన్లు నీటిని లాగుతాయి. ఉబ్బాలని చూసే ఆగ్రెకాన్‌ను కొల్లాజెన్ వల ఉబ్బనివ్వదు. ఆ పెనుగులాటే కార్టిలేజ్ బిగువు. బరువు పడినప్పుడు చాలా భాగం మోసేది లోపల చిక్కుకున్న నీటి పీడనమే.

ఈ రెండిటి ఆయుష్షుకు పొంతన లేదు. ఆగ్రెకాన్‌లో సగం కొత్తదిగా మారడానికి కొన్నేళ్లు పడుతుంది. రెండో రకం కొల్లాజెన్‌కు మాత్రం ఆ లెక్క వందేళ్లు దాటింది. 1950, 60 దశకాల్లో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14ను ఆధారంగా తీసుకుని చేసిన కొలతలు 2016లో వెలువడ్డాయి. ఎదుగుదల ఆగాక కొల్లాజెన్ వల దాదాపు మారనే మారదనీ, ఆస్టియోఆర్థ్రైటిస్ (కార్టిలేజ్ క్షీణించే కీళ్ల జబ్బు) వచ్చిన కీళ్లలోనూ అంతేననీ తేలింది. అంటే ఇరవై ఏళ్లకు ఏ వల ఉందో డెబ్బై ఏళ్లకూ అదే.

కాబట్టి పెద్దవాళ్లలో సంకేతాల పని స్పష్టం. ఆగ్రెకాన్‌ను ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి. కొల్లాజెన్ జోలికి ఏ ఎంజైమునూ పోనివ్వకూడదు. ఆగ్రెకాన్ పోవడం తిరిగి పూడ్చుకోగల నష్టం, కొల్లాజెన్ తెగడం పూడ్చుకోలేనిది. ఆగ్రెకాన్ నిండుగా ఉన్నంతకాలం కొల్లాజెన్ పోగుల దగ్గరికి ఎంజైములు అంత సులువుగా చేరలేవు కూడా. చికిత్సకు అవకాశం ఉన్న కాలం ఈ రెండిటి మధ్యదే.

బరువు కబురుగా ఎలా మారుతుంది

ప్రతి కాండ్రోసైట్ చుట్టూ రెండు నుంచి నాలుగు మైక్రోమీటర్ల పలుచని తొడుగు ఉంటుంది. దాన్ని పెరిసెల్యులార్ మ్యాట్రిక్స్ అంటారు. ఆరో రకం కొల్లాజెన్, పెర్లెకాన్ ఇక్కడే ఉంటాయి. కణాన్నీ ఈ తొడుగునూ కలిపి కాండ్రాన్ అని పిలుస్తారు. కీలు మీద పడిన బరువు కణాన్ని చేరేది ఈ తొడుగు ద్వారానే. కార్టిలేజ్ నొక్కుకుపోతుంది, నీరు కొంత బయటికి జారుతుంది, రుణావేశాల సాంద్రత పెరుగుతుంది, దాంతో కణం చుట్టూ ఉన్న ద్రవం గాఢత మారుతుంది. కణం కొద్దిగా కుంచించుకుపోయి మళ్లీ ఉబ్బుతుంది. ఆ మార్పును పసిగట్టేది కణపొరలోని టీఆర్‌పీవీ4 అనే కాల్షియం ద్వారం. అది తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తే ఆగ్రెకాన్, కొల్లాజెన్ జన్యువులు చురుకవుతాయి. ప్రయోగశాలలో బరువు వేయకుండా మందుతో ఈ ద్వారాన్ని తెరిచినా కణాలు బరువు పడినట్టే స్పందించి మ్యాట్రిక్స్ కట్టాయి.

పీజో1, పీజో2 అనే ద్వారాలు వేరే తరహావి. మామూలు నడక స్థాయి ఒత్తిడి కంటే దెబ్బ స్థాయి సాగుడుకు ఇవి ఎక్కువగా తెరుచుకుంటాయి. అప్పుడు కాల్షియం వరదలా వస్తుంది, కణం చనిపోవచ్చు. వచ్చేది అదే కాల్షియం, కానీ ద్వారం వేరు, మోతాదు వేరు.

టీఆర్‌పీవీ4 కూడా ఎప్పుడూ మేలే చేస్తుందని చెప్పలేం. పుట్టుకతోనే ఆ జన్యువు లేని మగ ఎలుకల్లో ఆస్టియోఆర్థ్రైటిస్ ఎక్కువైంది. ఎదిగాక కార్టిలేజ్‌లో మాత్రమే దాన్ని తీసేస్తే, వయసుతో వచ్చే ఆస్టియోఆర్థ్రైటిస్ తగ్గింది. ఎదుగుదలలో అవసరమైన ద్వారం ముసలితనంలో ఎక్కువసేపు తెరిచి ఉండిపోతే చేటవుతుందన్నమాట.

తొడుగులోని పెర్లెకాన్‌కు ఇంకో పని ఉంది. ఎఫ్‌జీఎఫ్-2 అనే వృద్ధికారకాన్ని అది పట్టి ఉంచుతుంది. కార్టిలేజ్ నొక్కుకున్నప్పుడు లేదా తెగినప్పుడు అది విడుదలై పక్కనే ఉన్న కణాన్ని తడుతుంది. కణం నుంచి బయటికి పొడుచుకొచ్చే ప్రైమరీ సీలియం, మ్యాట్రిక్స్‌ను పట్టుకునే ఇంటెగ్రిన్లు కూడా ఈ వినికిడిలో భాగస్వాములే.

ఎలాంటి బరువు కట్టిస్తుంది, ఎలాంటిది ఆపుతుంది అన్నది 1980ల చివరినాటికే బయటికి తీసిన కార్టిలేజ్ ముక్కల మీద తేలింది. ఒకేలా నొక్కి ఉంచితే ప్రోటియోగ్లైకాన్ల (ఆగ్రెకాన్ కోవకు చెందిన అణువుల) తయారీ తగ్గుతుంది. సెకనుకు ఒకసారి నుంచి వంద సెకన్లకు ఒకసారి దాకా, మందంలో 1 నుంచి 5 శాతం మేర నొక్కి వదులుతూ ఉంటే తయారీ పెరుగుతుంది. మామూలు నడకలో ఒక్కో కాలి మీద బరువు పడేది దాదాపు సెకనుకు ఒకసారే. నొక్కి ఉంచడం వల్ల ఎందుకు తగ్గుతుందంటే, నీరు బయటికి పోయి తిరిగి రాదు, రంధ్రాలు ఇరుకైపోతాయి, పోషకాలూ వృద్ధికారకాలూ లోపలికి చేరవు, పరిసరం ఆమ్లంగా మారుతుంది. వదిలినప్పుడే నీరు తిరిగి వస్తుంది. అందుకే నొక్కడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యం.

బరువే పడకపోతే? వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదలని వాళ్లలో మోకాలి కార్టిలేజ్ నెలల్లోనే పలుచబడుతుంది. అక్కడ అరిగించే రాపిడి ఏమీ లేదు. కబురు అందక కణాలు కట్టడం మానేశాయి, అంతే.

టీజీఎఫ్-బీటా: ఒక అణువు, రెండు దారులు

కార్టిలేజ్‌కు సంబంధించి ఒక్క సంకేతాన్నే లోతుగా చదవాలంటే నేను టీజీఎఫ్-బీటా అనే వృద్ధికారకాన్నే ఎంచుకోమంటాను. కణజాలంలో దీని నిల్వ చాలా ఎక్కువ, కానీ దాదాపు అంతా నిద్రాణ స్థితిలో ఉంటుంది. ఒక ప్రోటీన్ కవచం దాన్ని చుట్టి, మ్యాట్రిక్స్‌కు కట్టేసి ఉంచుతుంది. బరువు, ద్రవం కదలిక, కొన్ని ఎంజైములు ఆ కవచాన్ని సడలిస్తే కొద్దికొద్దిగా చురుకవుతుంది. నడిచే కీలుకూ నడవని కీలుకూ ఉన్న తేడాలో ఇదొక పెద్ద భాగం.

చురుకైన టీజీఎఫ్-బీటా ఆల్క్5 అనే రిసెప్టర్‌ను పట్టుకుంటే లోపల కబురును కేంద్రకానికి మోసే స్మాడ్2, స్మాడ్3 ప్రోటీన్లు కదులుతాయి. ఆగ్రెకాన్, రెండో రకం కొల్లాజెన్ తయారవుతాయి. కణం తన తీరులోనే నిలిచి ఉంటుంది. అదే టీజీఎఫ్-బీటా ఆల్క్1 ద్వారా వెళ్తే స్మాడ్1, 5, 8 కదులుతాయి. కణం ఉబ్బి, ఎముకగా మారబోయే కణంలా ప్రవర్తిస్తుంది. కొల్లాజెన్‌ను కోసే ఎంఎంపీ-13ను తయారు చేస్తుంది. వయసు పెరిగేకొద్దీ రెండూ తగ్గినా ఆల్క్5 ఎక్కువగా తగ్గుతుందని ఎలుకల్లో చూశారు. మనుషుల ఆస్టియోఆర్థ్రైటిస్ కార్టిలేజ్‌లో ఆల్క్1 ఎక్కువున్న చోట ఎంఎంపీ-13 కూడా ఎక్కువగా కనిపించింది. యాభై ఏళ్ల కీలులో, ఇరవై ఏళ్ల కీలులో ఒకే మోతాదు టీజీఎఫ్-బీటా ఒకే పని చేయదు.

స్మాడ్3 జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో చిన్న వయసులోనే కీళ్ల ఆస్టియోఆర్థ్రైటిస్, దానితోపాటు ప్రమాదకరమైన రక్తనాళాల ఉబ్బులు వస్తాయని 2011లో గుర్తించారు. సంకేతం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు. అలాగని టీజీఎఫ్-బీటాను నేరుగా ఎలుక మోకాలిలోకి ఎక్కిస్తే కీలు పొర గట్టిపడి, అంచుల్లో ఎముక మొలకలు వచ్చాయి. కార్టిలేజ్‌కు పనికొచ్చేది పక్కనున్న కణజాలానికి హాని చేసింది.

ఉపరితల పొరలోని కణాలు లూబ్రిసిన్ అనే జారుడు ప్రోటీన్‌ను తయారు చేస్తాయి. దాని తయారీని కూడా టీజీఎఫ్-బీటా, కదలిక పెంచుతాయి. లూబ్రిసిన్ జన్యువు పనిచేయని పిల్లల్లో వేళ్లు వంగిపోవడం, చిన్నతనంలోనే కీళ్లు దెబ్బతినడం కనిపిస్తుంది.

ఐజీఎఫ్-1 అనే మరో వృద్ధికారకం గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. కీలు ద్రవం నుంచి వచ్చే ప్రధాన నిర్మాణ సంకేతం ఇదే. కణం లోపల పీఐ3కే, ఏకేటీ అనే ఎంజైముల దారిలో పనిచేస్తుంది. ఆస్టియోఆర్థ్రైటిస్‌లో దీని పరిమాణం పడిపోవడం పెద్ద సమస్య కాదు. దాన్ని పట్టి బంధించే ప్రోటీన్లు పెరుగుతాయి, కణం దానికి స్పందించడం తగ్గిపోతుంది. అందువల్ల బయటి నుంచి ఇంకొంచెం ఐజీఎఫ్-1 పోయడం పరిష్కారం అనిపించుకోదు.

కణం తన తీరు మరిచిపోకుండా

కాండ్రోసైట్‌ను కాండ్రోసైట్‌గా నిలిపే ప్రధాన జన్యు నియంత్రకం సాక్స్9. సాక్స్5, సాక్స్6తో కలిసి అది ఆగ్రెకాన్, రెండో రకం కొల్లాజెన్ జన్యువులను నడుపుతుంది. దీనికి ఎదురుగా రన్క్స్2 అనే మరో నియంత్రకం ఉంటుంది. ఎదిగే పిల్లల ఎముక చివర్లలో రన్క్స్2 పని న్యాయమైనదే. అక్కడ కార్టిలేజ్ కణాలు ఉబ్బి, పదో రకం కొల్లాజెన్ తయారుచేసి, ఎముకకు చోటిచ్చి వెళ్లిపోవాలి. ఎముక పొడవు పెరిగేది అలాగే. కీలు ఉపరితలంలో మాత్రం ఆ కార్యక్రమం ఎప్పటికీ మొదలు కాకూడదు. ఉపరితల కణాలు విడిచే పీటీహెచ్ఆర్‌పీ అనే సంకేతం దాన్ని ఆపి ఉంచుతుంది. ఆస్టియోఆర్థ్రైటిస్‌లో ఆ అదుపు సడలుతుంది. ఎదుగుదల కాలపు పాత కార్యక్రమం తప్పు చోట, తప్పు వయసులో మళ్లీ మొదలవుతుంది. ఎంఎంపీ-13 రావడం అందులో ఒక మెట్టు.

డబ్ల్యూఎన్‌టీ సంకేతం దగ్గర మోతాదు విషయం మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఎలుకల కార్టిలేజ్‌లో ఈ సంకేతాన్ని కణం లోపల మోసే బీటా-కెటెనిన్‌ను ఎక్కువగా నడిపిస్తే ఆస్టియోఆర్థ్రైటిస్ లాంటి మార్పులు వచ్చాయి. పూర్తిగా అణచివేస్తే కణాలు చనిపోయి మళ్లీ కార్టిలేజ్ దెబ్బతింది. ఆరోగ్యం ఈ రెండు అంచుల మధ్య ఇరుకు దారిలో ఉంది.

ఆక్సిజన్ సంగతీ ఇంతే. కార్టిలేజ్ లోతుల్లో ఆక్సిజన్ 1 శాతానికి దగ్గరగా ఉంటుంది. ఆ కొరతలో కణాన్ని బతికించి, సాక్స్9కు తోడుగా నిలిచేది హిఫ్-1 ఆల్ఫా. దాని దగ్గరి బంధువైన హిఫ్-2 ఆల్ఫా మాత్రం వాపు సంకేతాలకు పెరిగి, కోత ఎంజైములను పిలుస్తుంది. పేర్లు పక్కపక్కనే ఉన్నాయని రెండిటినీ ఒక గాటన కట్టి రాసే వ్యాసాలు చాలా ఉన్నాయి, జాగ్రత్తగా చదవాలి.

గడియారం కూడా ఉంది. కాండ్రోసైట్లలో బీమాల్1 నడిపే 24 గంటల లయ ఉంటుంది. ఎలుకల్లో ఆ ఒక్క జన్యువును కాండ్రోసైట్లలో తీసేస్తే కార్టిలేజ్ క్రమంగా క్షీణించిందని 2016లో తేలింది. వాపు సంకేతమైన ఇంటర్‌ల్యూకిన్-1 ఈ లయను చెడగొడుతుంది.

కోత మొదలయ్యే తీరు

ఎంజైములు ఉండటమే రోగం అనుకోవద్దు. పాత ఆగ్రెకాన్‌ను తీసేయడానికి అవి కావాలి. మామూలు కీలులో వాటిని రెండు ఏర్పాట్లు అదుపులో పెడతాయి. టింప్-3 అనే ప్రోటీన్ వాటిని అతుక్కుని ఆపుతుంది. కణపొర మీది ఎల్ఆర్‌పీ1 రిసెప్టర్ వాటిని లోపలికి లాగి జీర్ణం చేస్తుంది. వాపులో ఈ రిసెప్టర్ కణపొర నుంచి తెగి రాలిపోతుంది. అప్పుడు కొత్త ఎంజైము తయారు కాకపోయినా ఉన్నదే ఎక్కువసేపు బయట తిరుగుతుంది.

వాపు కబురు వచ్చే దారి ఇది. ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్-ఆల్ఫా కీలు పొర నుంచీ, కాండ్రోసైట్ల నుంచీ కూడా వస్తాయి. అవి ఎన్ఎఫ్-కప్పాబీ అనే జన్యు నియంత్రకాన్ని లేపుతాయి. అది కేంద్రకంలోకి వెళ్లి ఎంఎంపీ-3, ఎంఎంపీ-13, ఆడమ్‌టీఎస్-4 లాంటి ఎంజైములను, నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాగ్లాండిన్ తయారుచేసే ఎంజైములను పిలుస్తుంది. సాక్స్9 అదే సమయంలో తగ్గుతుంది. కూల్చడం పెరిగి, కట్టడం ఆగి, రెండు వైపులా నష్టం.

ఆడమ్‌టీఎస్-5 ఆగ్రెకాన్‌ను 373, 374 అమైనో ఆమ్లాల మధ్య కోస్తుంది. అక్కడ తెగితే రుణావేశాలన్నీ ఉన్న పెద్ద భాగం ఊడి కీలు ద్రవంలోకి కొట్టుకుపోతుంది. ఈ ఎంజైము లేని ఎలుకల్లో శస్త్రచికిత్సతో కీలును అస్థిరం చేసినా కార్టిలేజ్ చాలావరకు నిలిచిందని 2005లో చూపించారు. ఎంఎంపీ-13 కొల్లాజెన్‌ను ముప్పావు, పావు ముక్కలుగా కోస్తుంది. ఆ తర్వాత వెనక్కి రావడం ఉండదు.

తెగిన ముక్కలు ఊరుకోవు. ఫైబ్రోనెక్టిన్ ముక్కలు, చిన్నబడిన హయలురోనాన్, ఆగ్రెకాన్‌లోని 32 అమైనో ఆమ్లాల తునక టోల్ తరహా రిసెప్టర్ల మీద వాలి మళ్లీ ఎన్ఎఫ్-కప్పాబీనే లేపుతాయి. బయటి కారణం పోయాక కూడా రోగం తనంతట తాను నడిచేది ఇందుకే. లిగమెంట్ తెగిన మోకాలిలో వాపు తగ్గి, శస్త్రచికిత్స బాగా జరిగాక కూడా పది ఇరవై ఏళ్లకు చాలామందిలో ఆస్టియోఆర్థ్రైటిస్ కనిపించడంలో ఈ చక్రానికి వాటా ఉంది.

బరువు ఎక్కువున్న వాళ్లలో చేతివేళ్ల కీళ్లకూ ఆస్టియోఆర్థ్రైటిస్ ఎక్కువ. వేళ్ల మీద నడిచేవాళ్లు లేరు. కొవ్వు కణజాలం విడిచే లెప్టిన్ లాంటి సంకేతాలు రక్తం ద్వారా వస్తాయి. వయసుమీరి విభజన ఆగిపోయిన కణాలు కూడా చుట్టూ వాపు అణువులు చల్లుతాయి.

ఒక్క అణువును ఆపితే సరిపోదా?

ఇంటర్‌ల్యూకిన్-1ను ఆపే అనాకిన్రాను మోకాలిలోకి ఒకసారి ఎక్కించిన పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. మందు లేని ఉత్తుత్తి సూదితో పోలిస్తే తేడా లేదు. ఆ ఒక్క ఫలితంతో ఇంటర్‌ల్యూకిన్-1కు సంబంధమే లేదని తేల్చేయడం తొందరపాటు. అనాకిన్రా కీలులో ఎక్కువసేపు నిలవదు. పదివేల మందికి పైగా పాల్గొన్న ఒక గుండెజబ్బు పరీక్షలో, అదే అణువును ఏళ్ల తరబడి ఆపే కనాకినుమాబ్ తీసుకున్నవాళ్లకు మోకాలి, తుంటి మార్పిడి శస్త్రచికిత్సలు సుమారు 40 శాతం తక్కువగా జరిగాయని 2020లో వెలువడిన విశ్లేషణ చెప్పింది. ఆ పరీక్ష కీళ్ల కోసం రూపొందించింది కాదు గనక అదే చివరి మాట అనలేం. అయినా ఎంతసేపు అన్న ప్రశ్న ఎంత బరువైనదో అది చూపిస్తుంది.

ఎంఎంపీ ఎంజైములన్నిటినీ ఒకేసారి ఆపే మందులతో కీళ్లు బిగుసుకోవడం, భుజాలూ చేతులూ నొప్పులు మొదలయ్యాయి. మామూలు మరమ్మతు కూడా ఆగిపోతే అంతే మరి.

కట్టించే వైపు నుంచి వచ్చింది స్ప్రైఫెర్మిన్. ఎఫ్‌జీఎఫ్-18 నమూనాలో తయారైన మందు. 549 మందితో జరిగిన పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. 100 మైక్రోగ్రాముల మోతాదును ఆరు నెలలకోసారి సూదుల వరుసగా ఇస్తే, రెండేళ్లకు కార్టిలేజ్ మందం ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్ల కంటే 0.05 మిల్లీమీటర్ ఎక్కువగా ఉంది. నొప్పిలో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు. నొప్పి పుట్టేది కీలు పొర, ఎముక, చుట్టుపక్కల కణజాలాల్లో. కార్టిలేజ్‌కు నరాలే లేవు. అందుకని దాన్ని విఫలమని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. పెద్దవాళ్ల కార్టిలేజ్‌ను సంకేతంతో మందం చేయొచ్చని మనుషుల్లో చూపించిన పరీక్ష అది.

ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకు

ఈ రంగంలో విద్యార్థులు తరచు పొరపడేది కణాలను పెంచే తీరులోనే. ప్లాస్టిక్ పళ్లెంలో ఒకే పొరగా పెంచితే రెండు మూడు పాసేజ్‌లకే (కొత్త పళ్లేలకు మార్చడాలకే) కాండ్రోసైట్ సాగి, రెండో రకం కొల్లాజెన్ మానేసి మొదటి రకం మొదలుపెడుతుంది. నాలుగో పాసేజ్ కణాల మీద చేసిన సంకేత ప్రయోగం కార్టిలేజ్ గురించి చెప్పేది తక్కువ. ప్రైమరీ కణాలు లేదా మొదటి పాసేజ్ వాడండి. ఇంకా పెంచాల్సి వస్తే తిరిగి ముద్దగా (పెల్లెట్) లేదా ఆల్జినేట్ పూసలుగా మార్చండి. ముద్దకు 2.5 లక్షల కణాలు, 500 జీ వద్ద 5 నిమిషాలు తిప్పడం, సీరం లేని మీడియం, ఇన్సులిన్-ట్రాన్స్‌ఫెరిన్-సెలీనియం మిశ్రమం, మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల టీజీఎఫ్-బీటా3, 100 నానోమోలార్ డెక్సామెథసోన్, మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాముల ఆస్కార్బేట్. ఆస్కార్బేట్ మరిస్తే కొల్లాజెన్ సరిగా మెలిపడదు. ముద్ద మెత్తగా మిగిలిపోతే మొదట అనుమానించాల్సింది అదే. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం మీడియంలో త్వరగా చెడిపోతుంది, ఫాస్ఫేట్ రూపం నిలుస్తుంది.

మామూలు మీడియం గాఢత సుమారు 300 మిల్లీఆస్మోల్. కార్టిలేజ్‌లో కణం చూసేది 350 నుంచి 450. ఆ తేడాకే టీఆర్‌పీవీ4 స్పందిస్తుంది. 380 దగ్గరకు సరిచేసుకుని, ఇన్‌క్యుబేటర్‌లో ఆక్సిజన్ 5 శాతానికి దించితే కణాల ప్రవర్తన అసలుకు దగ్గరవుతుంది.

ఆగ్రెకాన్‌కు వేలాడే చక్కెర గొలుసులను, అంటే గ్లైకోసమినోగ్లైకాన్‌ను, కొలవడానికి పపైన్‌తో 60 నుంచి 65 డిగ్రీల వద్ద రాత్రంతా కరిగించి, డీఎంఎంబీ రంగు కలిపి 525 నానోమీటర్ల వద్ద చూస్తారు. రంగు కలిపిన వెంటనే చదవాలి, ఆలస్యమైతే సంక్లిష్టం అడుగుకు దిగి విలువ పడిపోతుంది. ఆల్జినేట్ కూడా రుణావేశమున్నదే కాబట్టి మామూలు పీహెచ్ 3 ద్రావణంతో తప్పుడు ఎక్కువ విలువ వస్తుంది. పీహెచ్ 1.5కు దించితే ఆ గొడవ తగ్గుతుంది. ఎంత గ్లైకోసమినోగ్లైకాన్ ఉందన్న సంఖ్యను డీఎన్ఏతో భాగించకుండా ఇవ్వొద్దు, కణాల సంఖ్య పెరిగిందా, తయారీ పెరిగిందా అన్నది తెలియదు. మీడియంలోకి కారిపోయినదాన్నీ కొలవండి.

ఇక ఇంటర్‌ల్యూకిన్-1ను మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు వేసి ఆస్టియోఆర్థ్రైటిస్ నమూనా అని రాయడం. రోగుల కీలు ద్రవంలో అది పికోగ్రాముల స్థాయిలో ఉంటుంది. వెయ్యి రెట్ల మోతాదు మూడు రోజులు వేస్తే జరిగేది తీవ్రమైన దాడి, ఏళ్ల తరబడి సాగే చిన్న మంట అందులో కనిపించదు. తక్కువ మోతాదు, ఎక్కువ రోజులు పెట్టి చూడటం శ్రమే, కానీ మందు ఎంపిక అక్కడే తేలాలి.

కీలు ఉన్న ప్రతివాళ్లకూ

ముప్పై సార్లు లోతుగా గుంజీలు తీస్తే మోకాలిచిప్ప కార్టిలేజ్ ఘనపరిమాణం సుమారు 6 శాతం తగ్గుతుంది. మళ్లీ నిండటానికి గంటన్నర దాకా పడుతుంది. కాబట్టి భారీ వ్యాయామాల మధ్య ఎడం ఉంచడంలో అర్థముంది. గంటల తరబడి ఒకే భంగిమలో నిలబడటం, మోకాళ్లు బాగా మడిచి కూర్చోవడం కణానికి నొక్కి ఉంచిన బరువు లాంటివే. అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు నడిస్తే నీరు తిరిగి లోపలికి వెళ్తుంది. మోకాలిలో మెత్తలా ఉండే మెనిస్కస్‌ను కొంత తీయించుకున్నవాళ్లు వారానికి మూడుసార్లు చొప్పున నాలుగు నెలలు ఓ మోస్తరు వ్యాయామం చేస్తే కార్టిలేజ్‌లో గ్లైకోసమినోగ్లైకాన్ సూచిక మెరుగైందని 2005లో ఎంఆర్ఐ కొలతలు చూపించాయి. నాలుగు నెలలన్నది గమనించండి. వారం రోజుల ఉత్సాహానికి ఆగ్రెకాన్ నిండదు.

బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కొవ్వు పంపే వాపు కబుర్లు తగ్గడం దానికి అదనం.

మోకాలిలోకి స్టెరాయిడ్ సూది నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు ఉపశమనమిస్తుంది. దాన్ని నిత్యకృత్యం చేయడం వేరు. 40 మిల్లీగ్రాముల ట్రయామ్‌సినలోన్‌ను మూడు నెలలకోసారి రెండేళ్లపాటు ఇచ్చిన పరీక్షలో కార్టిలేజ్ 0.21 మిల్లీమీటర్ తగ్గింది, ఉప్పునీటి సూది తీసుకున్నవాళ్లలో 0.10. నొప్పిలో తేడా రాలేదు. స్టెరాయిడ్ వాపు కబురుతోపాటు కట్టే కబురునూ తగ్గిస్తుంది. గ్లూకోసమైన్ 1500, కాండ్రాయిటిన్ 1200 మిల్లీగ్రాములు రోజూ 24 వారాలు ఇచ్చిన పెద్ద పరీక్షలో, 2006లో, మొత్తం మీద ఉత్తుత్తి మాత్రను మించిన ఫలితం తేలలేదు. ముడిసరుకు పోసినంత మాత్రాన కణం కట్టదు, కట్టమనే సంకేతం కావాలి.

వ్యాయామం మోతాదు సరిపోయిందా లేదా తెలుసుకోవడానికి ఫిజియోథెరపిస్టులు వాడే కొలత ఉపయోగకరమైనది. చేసేటప్పుడు నొప్పి పదికి ఐదు దాటకూడదు, 24 గంటల్లో మునుపటి స్థాయికి దిగాలి. మర్నాటికి కీలు వాచితే మోతాదు తగ్గించాలి, పూర్తిగా మానేయనక్కర్లేదు. వాపును మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మోకాలిలో 20, 30 మిల్లీలీటర్ల ద్రవం చేరినా తొడ ముందు కండరం లోపలి భాగం సరిగా బిగుసుకోదు. కండరం పట్టకపోతే అడుగు పడినప్పుడు కుదుపు నేరుగా కీలు మీదికే వస్తుంది. కాబట్టి వాచిన మోకాలితో బరువులెత్తడం మొదలుపెట్టకండి. ముందు వాపు దిగేదాకా నీళ్లలో నడక, తక్కువ బిగింపుతో సైకిల్ తొక్కడం లాంటి తేలికపాటి కదలికలు చేయించి, ఆ తర్వాత తొడ కండరానికి బలం పెంచే వ్యాయామాలకు వెళ్లాలి.